పాపమ్మ చెప్పిన రెండో మనిషి

పోయిన వారం కథలో నాగమల్లేశ్వరికి నోటీసు చేతికిచ్చి పడమటి టీవీ మెట్ల మీద కూర్చోబెట్టి వచ్చాం. ఆమె తీసిన ‘గొంతు తడవని ఊళ్ళు’ డాక్యుమెంటరీ కేబుల్లో ఒక్క సాయంత్రమే వచ్చింది. తెల్లారేసరికి ఎమ్మెల్యే రామసుబ్బయ్య మనుషులు ఫిర్యాదు పెట్టారు. ఎన్నికల వేళ అనుమతి పత్రం లేకుండా ప్రచార చిత్రం వేశారని రిటర్నింగ్ అధికారి దాన్ని ఆపించింది. ఆ మరునాడు మార్కాపురం విలేకరులంతా చేతులకు నల్ల రిబ్బన్లు కట్టుకొని బజారు వెంట నడిచారు. పత్రికా స్వేచ్ఛ వర్ధిల్లాలి అన్నారు. నాగమల్లేశ్వరిని ముందు వరుసలో పెట్టారు. అందరూ అరుస్తుంటే ఆమె పెదవులు కదిలించింది గాని గొంతు ఎత్తలేదు. ఎండకు సొమ్మసిల్లుతుందేమోనని ఎవరో మజ్జిగ పొట్లం ఇచ్చారు.

ఈ రోజు ప్రచారానికి ఆఖరి రోజు. సాయంత్రం ఆరింటికి మైకులు ఆగిపోతాయి. అక్కడి నుంచి పోలింగు ముగిసేదాకా ఓట్ల మీద ప్రభావం చూపే బొమ్మ ఏదీ టీవీలో వెయ్యకూడదు. అది చట్టం. విచారణ మధ్యాహ్నానికి పెట్టారు. అంటే తీర్పు ఏదైనా, ఆ సినిమాను మళ్ళీ వెయ్యడానికి మిగిలేది ఈ పూట ఒక్కటే.

పడమటి టీవీ అంటే పెద్ద ఆఫీసేమీ కాదు. చంద్రశేఖరరావు స్టీలు సామాన్ల దుకాణం మీద ఉన్న ఒక గది. ఒక పక్క కంప్యూటరు, ఇంకో పక్క అమ్ముడుపోని ఇత్తడి బిందెలు. పొద్దున పుట్టినరోజు శుభాకాంక్షలు, సాయంత్రం వార్తలు, మధ్యలో శ్రద్ధాంజలులు. నాగమల్లేశ్వరే కెమెరా పడుతుంది, తనే కోసి అతికిస్తుంది, తనే చదువుతుంది. జిల్లా చీలిపోయి కందుకూరు ఒక పక్కకు, అద్దంకి ఒక పక్కకు పోయినా ఈ పడమటి మండలాలకు జిల్లా కేంద్రం ఒంగోలు ఇంకా దూరమే. పెద్ద ఛానళ్ళకు ఇంకా దూరం. ఇక్కడి ఊళ్ళ ముఖం టీవీలో చూసుకోవాలంటే ఆ గది ఒక్కటే దిక్కు.

ఆ ఉదయం ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉండగా వీధిలోకి ప్రచార బండి వచ్చింది. అది మాజీ ఎమ్మెల్యే అంకయ్యది. ఈసారి రామసుబ్బయ్య మీద పోటీ చేస్తున్నది ఆయనే. బండి వెనక పెద్ద తెర కట్టారు. తెర నిండా పాపమ్మ ముఖం.

మిట్టగొల్లపల్లె పాపమ్మ నాలుగు గొర్రెలు కాసుకొని బతికే మనిషి. మొగుడు పోయి చాలా కాలమైంది. ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి మోకాళ్ళు వంగిపోయాయి, చేతులు భుజాలకంటే పైకి లేవవు. సినిమాలో చివరి మాట ఆమెదే. ఆ ముక్కను ఫోన్లలోంచి పట్టుకొని అంకయ్య మనుషులు ఊరూరా తిప్పుతున్నారు.

“రామసుబ్బయ్య వచ్చినాడు, దండం పెట్టినాడు, నీళ్ళిస్తానని పోయినాడు. మా నీళ్ళు ఒక్క పూట తాగి చూడమనండి!” అంటోంది తెర మీది పాపమ్మ. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి అంటోంది.

నాగమల్లేశ్వరి కిటికీ రెక్కలు మూసేసింది. అయినా పాపమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది.

“ఇన్ని మెట్లు కట్టినారేంది నాయనా, కొండమీద గుడికి కట్టినట్ల!”

ఆ మాట సినిమాలో లేదు.

ఆమె పరుగున పోయి తలుపు తీసింది. పాపమ్మ మెట్ల వైపు వీపు పెట్టి కూర్చొని, రెండు చేతులూ ఆనించి, ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ ఎక్కుతోంది. కింద దుకాణంలో చెంబు బేరం చేస్తున్నవాళ్ళు ఆపి చూస్తున్నారు.

“పెద్దమ్మా! కింద నుంచి ఒక్క కేక వేస్తే నేనే దిగి వచ్చేదాన్ని గదా!”

“వచ్చేదానివే. టీ తాపించేదానివి. ఆటో ఎక్కించి పంపించేదానివి. అందుకే ఎక్కినా.”

చంకల కింద చెయ్యి వేసి లేపబోతే పాపమ్మ వద్దంది. తనంతట తనే గడప దాటి, బిందెల పక్కన గోడకు ఆనుకొని కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకొని గదంతా కలయజూసింది.

“నా బొమ్మ చూసినా బిడ్డా. మా అలివేలమ్మ కోడలు ఫోన్లో చూపించింది.”

ఎట్లా ఉంది పెద్దమ్మా అనే మాట నాగమల్లేశ్వరి నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది.

“బాగుండాది. ముక్కుపుడక తళతళలాడింది. మా ఇంటాయన చూసుంటే మురిసిపోయేవాడు.” పాపమ్మ మోకాళ్ళు నిమురుకుంది. “అయితే మల్లేశ్వరీ, రెండో ఆయన యాడికి పోయినాడు?”

సినిమా వేసిన సాయంత్రం నుంచి నాగమల్లేశ్వరి ఈ ప్రశ్నకే భయపడుతోంది. అయినా, “ఏ రెండో ఆయన పెద్దమ్మా?” అంది. అన్నాక తన గొంతు తనకే రోతగా తోచింది.

“అట్ల అడగబాక. ఒంగోలు నుంచి వచ్చినదానివైతే అడుగు, చెప్తా. నువ్వు తర్లుపాడు పిల్లవి.”

నాగమల్లేశ్వరి తల వంచుకుంది.

ఆ పక్క ఊళ్ళలో పాతకాలపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. అదే పేరు ఇంకొకరికి ఉన్నా పలకరు. మొగుడు పోయినా ఆ పట్టింపు పోదు. రేషన్ దుకాణంలో పేరు అడిగితే పక్కనున్నవాళ్ళు అందిస్తారు. పాపమ్మ మొగుడి పేరు అంకయ్య.

“మొదటాయన పేరు నోరారా చెప్పినా. రెండో ఆయన పేరు నేనెట్ల చెప్తా? అందుకే రాయి పక్కకు చెయ్యి చూపించినా గదా. ‘ఆయనకు ముందు ఈ రాతి మీద పేరు కొట్టించుకున్నాయన వచ్చినాడు, మా ఇంటాయన పేరే ఆయనది, ఆయనా అంతే’ అన్నానా లేదా? ‘ఇద్దరినీ మా నీళ్ళు ఒక్క పూట తాగి చూడమనండి’ అన్నానా లేదా?”

“అన్నావు.”

“మరి?”

ఆ రాయి నాగమల్లేశ్వరికి బాగా తెలుసు. అంకయ్య ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు మంచినీళ్ళ ట్యాంకుకు వేసిన శంకుస్థాపన రాయి. ట్యాంకు పునాది దగ్గరే ఆగిపోయింది. రాయి మాత్రం నున్నగా నిలబడి ఉంది. ఎండాకాలం దాని నీడన కుక్కలు పడుకుంటాయి.

“టైము చాల్లేదు పెద్దమ్మా. ఇరవై నిమిషాల్లో సరిపెట్టాల. పేరు చెప్పకుండా చేత్తో చూపిస్తే బయటివాళ్ళకు తెలీదు...”

“అదంతా నాకెందుకు చెప్తావు? నాకు జరిగింది చెప్తా విను. ఈ బొమ్మ చూసి తిరునాళ్ళకు వచ్చినట్ల కార్లేసుకొని వచ్చినారు ఆ రెండో ఆయన మనుషులు. నేను గొర్రెల్లో ఉండాను. నా పాక మీద వాళ్ళ జెండా కట్టి పోయినారు. పీకేద్దామంటే నా చెయ్యి పైకి లేవదు గదా. ఊళ్ళో వాళ్ళను తియ్యమంటే ఒక్కరూ ముట్టుకోరు. ముట్టుకుంటే ఒకడికి కోపం, ముట్టుకోకపోతే ఇంకొకడికి కోపం. ఆ జెండా చూసి నీళ్ళ ట్యాంకరు మా సందులోకి మలపడంల్యా. ‘కట్టినోళ్ళనే పొయ్యమను’ అంటాడు డ్రైవరు. బోరు కాడ గొర్రెల తొట్టికి మొదటాయన మనుషులు నీళ్ళు ఆపేసినారు. ‘ఒరే, గొర్రెలు ఓటెయ్యవు గదరా’ అంటి. నవ్వినారు. భలే చెప్పినావమ్మా అన్నారు. నీళ్ళు మాత్రం ఇడవలా.”

నాగమల్లేశ్వరికి నవ్వు రాలేదు. ఆమె లేచి కంప్యూటరు దగ్గరికి పోయింది. కొయ్యక ముందు తీసిన బొమ్మ అంతా అందులోనే ఉంది. ఆ చోటుకు తెచ్చి, తెర పాపమ్మ వైపు తిప్పింది.

తెర మీద పాపమ్మ రామసుబ్బయ్య పేరు చెప్పింది. తరువాత నెమ్మదిగా చెయ్యి చాపి రాయి వైపు చూపించింది. కెమెరా ఆ చేతి వెంట పోయింది. రాతి మీద అంకయ్య పేరు స్పష్టంగా పడింది. సినిమాలో ఆ చోట ఒక ఎండిపోయిన కుళాయి బొమ్మ వస్తుంది. చూసినవాళ్ళందరూ ఆ కుళాయిని మెచ్చుకున్నారు. గిద్దలూరు నుంచి ఒకాయన ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. అతుకు కనపడకుండా ఉండాలని ఆమె పెట్టిన కుళాయి అది.

“ఇంతసేపు కూడా పట్టలేదు గదే నేను చెప్పింది,” అంది పాపమ్మ. “టైము చాల్లేదంటివి.”

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

“టైము కాదు పెద్దమ్మా. ఇద్దరినీ అంటే మాట రెండుగా చీలిపోయింది. ఒక్కరి పేరు మీద ఆగితే గట్టిగా తగులుతుంది అనుకున్నా. ఎవరూ అట్ల చెయ్యమనలేదు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. సినిమా బాగా రావాలని చేసినా.”

“తగల్లేదని ఎవరన్నారు? తగిలింది. వాళ్ళిద్దరికీ కాదు, నాకు.”

పాపమ్మ తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది నాగమల్లేశ్వరికి. ఆమె తిట్టలేదు. తెర మీద ఆగిపోయిన తన చేతినే చూస్తూ కూర్చుంది.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. చంద్రశేఖరరావు, ఆయన వెనక వకీలు కరుణాకరం లోపలికి వచ్చారు. చంద్రశేఖరరావు దుకాణదారుడు. జీవితంలో కోర్టు మెట్లు ఎక్కని మనిషి. నోటీసు వచ్చిన నాటి నుంచి ఆయనకు అన్నం సహించడం లేదు. వకీలుకు మాత్రం ఇది పండగలా ఉంది.

నాగమల్లేశ్వరి జరిగింది చెప్పేసింది. చంద్రశేఖరరావు అక్కడే ఉన్న బిందె మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

“నాకు ముందే చెప్పొచ్చు గదమ్మాయ్!”

“చెప్పాల్సిందే అన్నా. ఊరేగింపులో నా మెడలో దండ వేసినారు గదా, అప్పుడే చెప్పాలనుకున్నా.”

కరుణాకరం కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. “ఇందులో కంగారేం లేదు. ఏది ఉంచాలో ఏది తియ్యాలో ఛానలు వాళ్ళ ఇష్టం. కొయ్యని టేపు చూపించమని అడిగే హక్కు ఏ ఆఫీసరుకూ లేదు. ఈ రోజు మనం చూపిస్తే, రేపు అర్ధవీడులో ఫోన్ పట్టుకొని వార్త తీసేవాడిని కూడా ‘ఏది ఫోనివ్వు, ఏం కోసినావు’ అని అడుగుతారు. నువ్వు నోరు తెరవబాక మల్లేశ్వరీ. మాట్లాడేది నేను.”

“మరి పెద్దమ్మ సంగతి?”

“ఎన్నికలు అయినాక చూద్దాం.”

“అప్పటిదాకా గొర్రెల్ని నోరు మూసుకోమని చెప్పాల్నా వకీలు గారూ?” అంది పాపమ్మ గోడ దగ్గర నుంచి. కరుణాకరం అప్పుడు గాని ఆమె ఎవరో గుర్తుపట్టలేదు.

“ఇవ్వం అంటే పెట్టెలు పట్టుకుపోరా?” అన్నాడు చంద్రశేఖరరావు.

“కేసు కడితే పట్టుకుపోవచ్చు. అదొక్కటే చిక్కు.”

చంద్రశేఖరరావు కంప్యూటరు వైపు చూశాడు. 

నాగమల్లేశ్వరి పాపమ్మను మెల్లగా దింపుకొని ఎదుటి హోటలుకు తీసుకుపోయింది. ఇడ్లీ పెట్టిస్తే పాపమ్మ సగమే తిన్నది. నీళ్ళు మాత్రం గ్లాసు మీద గ్లాసు తాగింది. “సాగరు నీళ్ళా ఇవి? ఎంత తియ్యగుండాయి!” అని ఇంకో గ్లాసు పోయించుకుంది. నాగమల్లేశ్వరి జగ్గు ఆమె దగ్గరికి జరిపింది.

“విచారణకు వస్తావా పెద్దమ్మా?”

“మెట్లుండాయా?”

“లేవు. కిందే.”

“అయితే వస్తా.”

*

రిటర్నింగ్ అధికారి గది నిండా ఫైళ్ళు, చప్పుడు చేసే ఏసీ. ఆమె చిన్న వయసు మనిషి, ఉత్తరాంధ్ర నుంచి బదిలీ మీద వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది. రామసుబ్బయ్య తరపు ఏజెంటు ఉమామహేశ్వర్లు ముందే వచ్చి కూర్చున్నాడు. పాపమ్మకు ఎవరో కుర్చీ వేస్తే, “నేల మీద కూర్చుంటే లేవలేను, కుర్చీలో కూర్చుంటే దిగలేను. ఏదైనా ఒకటే,” అని కుర్చీలోనే కూర్చుంది.

కరుణాకరం బాగా మాట్లాడాడు.

“ప్రకటన అంటే ఎవరో ఒకరు చేయించుకునేది మేడం. ఇది ఎవరూ చేయించలేదు. నీళ్ళు లేని ఊరికి పోయి నీళ్ళు లేవని చూపించడానికి ముందుగా అనుమతి పత్రం కావాలంటే, ఇక వాన పడలేదని చెప్పడానికి కూడా మీ సంతకం కావాలి.”

గదిలో కొందరు నవ్వారు. అధికారిణి కూడా కొంచెం నవ్వింది.

“వానకు అభ్యర్థులు ఉండరు కదండీ. వార్తకు నా అనుమతి అక్కర్లేదు. నేను ఇస్తానన్నా మీరు తీసుకోకూడదు. కానీ ఒకరిని గెలిపించడానికో ఓడించడానికో లెక్క వేసుకొని చేస్తే అది వార్త కాదు, ప్రచారం. ఆ సినిమా నేను చూశాను. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. కానీ నాకు ఒక్కటే అర్థం కాలేదు. ఇన్నేళ్ళుగా నీళ్ళు లేని ఊళ్ళో తప్పు ఒక్కరిదే ఎలా అయింది?”

ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు ఆమె ఎవరి వైపూ చూడలేదు. అయినా నాగమల్లేశ్వరికి చెవులు వేడెక్కాయి.

“ఎట్లా అయిందో నేను చూపిస్తా మేడం,” అని ఉమామహేశ్వర్లు ఫోను ముందుకు పెట్టాడు. “ఇదిగోండి, ఈ పాపమ్మ పాక. పైన జెండా ఎవరిదో చూడండి. ఈమె వాళ్ళ మనిషి. ఈ ఛానలు కూడా వాళ్ళదే. ఈ సినిమా ఖర్చంతా అంకయ్య ఎన్నికల ఖర్చులో రాయాల. ఛానలు మీద కేసు కట్టాల.”

“ఓరి నీ అసాధ్యం కూలా! ఆ జెండా పీకిపెట్టమని మీవాళ్ళనే అడిగినా గదరా!” అంది పాపమ్మ.

“పెద్దామె, నువ్వు ఊరుకో.”

“ఊరుకోవడం నాకు ఇప్పుడు నేర్పబాక నాయనా. నీ వయసు గొర్రెపిల్లల్ని సాకినదాన్ని.”

అధికారిణి చెయ్యెత్తి ఇద్దరినీ ఆపింది. నాగమల్లేశ్వరి వైపు తిరిగింది. “మీరు చెప్పండి. ఈమె మాటల్లోంచి ఏమైనా తీసేశారా?”

కరుణాకరం లేచి నిలబడ్డాడు. “ఆ ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదు మేడం. ఆ ప్రశ్న మీరు అడగనే కూడదు.”

ఆయన చెప్పింది నిజమే. ఆ నిజం చాటున నిలబడితే చాలు, ఎవరూ ఏమీ అనరు. బయట నల్ల రిబ్బన్లు కట్టుకున్నవాళ్ళు ఆమె కోసం ఎండలో కూర్చున్నారు. వాళ్ళు అడుగుతున్నది న్యాయమైనదే. ఇంత న్యాయమైన మాట తన తప్పుకు కప్పుగా పనికివస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

“వకీలు గారు చెప్పినట్లు అది నా హక్కే మేడం,” అంది. “ఆ హక్కుతోనే కోసినా. మీరు అడిగారని చెప్పడంల్యా. మా పెద్దమ్మ పొద్దున మెట్లెక్కి వచ్చి అడిగినాది. ఆమెకు చెప్తాండా. అవును, తీసేసినాను. ఆమె ఇద్దరినీ అనింది. రెండో ఆయన్ని నేను తీసేసినా. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఇయ్యలేదు. సినిమా గట్టిగా ఉండాలని తీసేసినా.”

కరుణాకరం కూర్చున్నాడు. 

అధికారిణి కలం కింద పెట్టింది. “ఆ ముక్క మీ దగ్గర ఉందా? చూపించమని నేను ఆదేశించడం లేదు. మీ ఇష్టంతో చూపిస్తే చూస్తాను. ఆమె ఇద్దరినీ అని ఉంటే ఇది ప్రచారం కాదు, వార్త అని ఇప్పుడే రాస్తాను. ఆపమన్న ఉత్తర్వు ఎత్తేస్తాను. ఆ ముక్క కలిపి ఆరింటిలోపు మీ ఛానల్లో వేసుకోండి. ఊళ్ళో వాళ్ళు కూడా చూస్తారు, ఈమె ఎవరి మనిషీ కాదని.”

నాగమల్లేశ్వరికి ఊపిరి ఆడింది. పొద్దున్నించి మొదటిసారి ఆమె తల ఎత్తింది. తొట్టిలోకి నీళ్ళు దూకిన చప్పుడు విన్నట్లనిపించింది. “ఉంది మేడం. కంప్యూటర్లో ఉంది, కెమెరా కార్డులో కూడా ఉంది. అన్నా, కొంచెం పోయి పట్టుకొస్తావా?”

చంద్రశేఖరరావు లేవలేదు.

“అన్నా?”

“లేదమ్మాయ్.” ఆయన నేల వైపు చూశాడు. “మీరు హోటలుకు పోయినప్పుడు తుడిపేసినా. పెట్టెలు పట్టుకుపోతారని వకీలు గారు అన్నారు గదా. నిన్ను జైల్లో పెడతారేమోనని... కార్డులోది కూడా తుడిపేసినా. నీకోసమే తుడిపేసినానమ్మాయ్.”

 నాగమల్లేశ్వరి ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. తాను ఒక్క మాట కోసింది. ఆయన మిగిలినదంతా కోశాడు. మొదటి కత్తి తనది.

ఉమామహేశ్వర్లు ఫోను జేబులో వేసుకున్నాడు. “చూసినారా మేడం. ముక్కా లేదు, గిక్కా లేదు. ఇదంతా నాటకం.”

“ఆ మాట చెప్పిన మనిషి ఇక్కడే ఉంది కదా,” అంది అధికారిణి. “అమ్మా, ఆ రోజు మీరు ఇంకెవరిని అన్నారు?”

“మా ఊళ్ళో రాతి మీద పేరు కొట్టించుకున్నాయన్నమ్మా.”

“ఏ పేరు?”

పాపమ్మ నోరు మూసుకుంది. చెయ్యి కొంచెం పైకి లేచింది. చూపించడానికి ఆ గదిలో రాయి లేదు.

“వాళ్ళ దగ్గర జెండా ఫొటో ఉంది, మీ దగ్గర ఏమీ లేదు. నేను కాగితం మీద రాయాలి. చెయ్యి చూపించారని రాస్తే నిలబడదమ్మా. పేరు చెప్పాలి.”

“ఆమెను అడగొద్దు మేడం!” నాగమల్లేశ్వరి కుర్చీ తోసుకొని లేచింది. “ఆమె ఆ పేరు పలకదు. మొగుడి పేరు అది. పుట్టి బుద్ధెరిగి ఒక్కసారి కూడా పలకలేదు. నేను చెప్తా, రాసుకోండి.”

“మీరు చెబితే నేనెలా నమ్మేది?” అంది అధికారిణి. కసురుకోలేదు. మామూలుగానే అంది.

 కిందటి వారం దాకా ఈ ఊళ్ళన్నీ నమ్మిన గొంతు నాగమల్లేశ్వరిది.

తలుపు తోసుకొని ఒక పెద్దమనిషి లోపలికి వచ్చాడు. తెల్ల చొక్కా, భుజాన కండువా. ఖర్చు తన లెక్కలో వేస్తామని నోటీసు పోయింది గనుక ఆయనా రావాల్సిందే. మాజీ ఎమ్మెల్యే అంకయ్య. అధికారిణికి నమస్కారం పెట్టి, ఆ సినిమాకూ తనకూ ఏ సంబంధమూ లేదని చెప్పి, కుర్చీ వెతుక్కుంటూ పాపమ్మను చూశాడు. ముఖం విప్పారింది.

“ఓ, పాపమ్మక్కా! బాగుండావా? భలే మాట్లాడినావే నాకోసం! ఊరూరా నీ మాటే తిప్పుతాండా. నువ్వు రుణపడేటట్ల చేసినావు నన్ను.” ఆమె పక్క కుర్చీలోనే కూర్చున్నాడు.

పాపమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది. తరువాత నాగమల్లేశ్వరి వైపు తిరిగింది.

“కెమెరా తెచ్చినావా బిడ్డా?”

“తెచ్చినా పెద్దమ్మా.”

“పెట్టు.”

“వద్దు పెద్దమ్మా. నేను చేసిన తప్పుకు నువ్వెందుకు...”

“నీకోసమని ఎవరు చెప్పినారు? గొర్రెలు దప్పికతో ఉండాయి.” పాపమ్మ గొంతు తగ్గించింది. “ఈసారి మాత్రం కొయ్యబాక.”

నాగమల్లేశ్వరి అధికారిణి వైపు చూసింది. ఆమె కానిమ్మన్నట్లు తల ఊపింది. కెమెరా ఎర్రదీపం వెలిగింది. బయట ఎక్కడో ఆఖరి రోజు మైకులు ఒకదాని మీద ఒకటి అరుస్తున్నాయి.

పాపమ్మ కొంగు తల మీదికి లాక్కోబోయింది. చెయ్యి అంత పైకి పోలేదు. ఆ చేత్తోనే ఖాళీ మెడను ఒకసారి తడుముకుంది. అంకయ్య ముఖం మీద నవ్వు ఇంకా అట్లాగే ఉంది. ఆమె ఆయన కళ్ళలోకి సూటిగా చూసి నోరు తెరిచింది.